ఆడి నెలలో ఖాళీ చేసిన ఇల్లు

ఆడి నెల తొమ్మిదో నాడు మమ్మల్ని ఇల్లు ఖాళీ చేయించినారు. పుదుచ్చేరిలోని ఉప్పళంలో యాభై ఏండ్లకు పైగా మేము అద్దెకున్న ఇల్లు. ఇంకొక్క ఇరవై మూడు రోజులు ఆగుంటే ఆవణి వచ్చుండేది. ఆగలేదు. చేయించినవాడు పరాయివాడు కాదు, నా కండ్ల ముందర పుట్టి, నన్ను మామా అని పిలుస్తా పెరిగినవాడు. ఈ సంగతి ఇప్పటికి ఎంతమందికి చెప్పుకున్నానో నాకే తెలియదు. విన్నవాళ్ళలో సగంమంది "ఇల్లు వాళ్ళది, పొమ్మంటే పోవాల్సిందే గదా" అన్నారు. పోనని నేనెప్పుడన్నాను? ఆడిలో పంపించినాడు అంటున్నాను. ఈ రెండు మాటలకూ తేడా తెలియని కాలమొచ్చింది కాబట్టి మొదటినుంచి రాయాల్సి వస్తోంది.

ఆంధ్రాలో ఉండేవాళ్ళకు ఆషాఢం అంటే తెలుస్తుంది. మాది పుదుచ్చేరి. మా పెద్దలు ఎన్ని తరాల కిందట ఈ పక్కకు వచ్చినారో చెప్పేవాళ్ళు కూడా ఇప్పుడు లేరు. ఇంట్లో మాట తెలుగు, నెలల లెక్క అరవం. జూలై నడుమ పుట్టి ఆగస్టు నడుమ దాకా ఉండేది ఆడి, దానికి ముందుది ఆని, తర్వాతది ఆవణి. ఆ నెలలో పెండ్లి మాటలు మాట్లాడరు, కొత్త కోడలిని పుట్టింటికి పంపిస్తారు, ఇల్లు మారరు. మాలో సామాను దించినంత మాత్రాన ఇల్లు మారినట్టు కాదు. పొయ్యి వెలిగించి పాలు పొంగించినప్పుడే మారినట్టు. ఆడిలో పొయ్యి కదిలిస్తే ఆ ఇంట్లో కుదురు ఉండదంటారు. నేను దేవుణ్ణి పెద్దగా నమ్మినవాణ్ణి కాదు. అయినా ఆడిని నమ్మినాను. ఎందుకంటే ఒక ఆడి నెల మమ్మల్ని నడివీధిలో పడకుండా కాపాడింది, అది నేను కండ్లారా చూసినాను.

ఆ ఇంట్లోకి వచ్చినప్పుడు నాకు తొమ్మిదేండ్లు. మా నాయనకు మిల్లులో నూలు కండెల దగ్గర పని. ముందర భాగంలో ఇంటివాళ్ళు, బావి అవతల రెండు గదులు మావి. ఇంటామె కామాక్షమ్మ, రెడ్డియార్ల ఆడబిడ్డ, పల్లెలో చేను ఉండేది. పంట కోసిన వారం ఎద్దులబండి మీద వడ్లు వచ్చేవి, పెరట్లో రాగి అండా ఎక్కించి ఉడకబెట్టేవాళ్ళు. ఉడికిన వడ్ల వాసన, తడి గోనెసంచి వాసన, దాని మీద పొద్దుగూకేటప్పుడు సముద్రం నుంచి వచ్చే ఉప్పుగాలి, అన్నీ కలిసి మా గదుల్లో దుప్పట్ల దాకా ఎక్కేవి. ఆ వారమంతా మా అమ్మ చేసే పులుసు కూడా వడ్ల వాసనే కొట్టేది. కామాక్షమ్మ తెల్లారి మిల్లు సంగు, అదే సైరను, మొదటి కూతకు లేచేది. లేచీ లేవగానే బావి దగ్గరికొచ్చి, లోపలికి తొంగిచూసి, నీళ్ళు ఎంత కిందికి పోయినాయో బావినే అడిగేది. పొగాకు నములుతా మాట్లాడేది కాబట్టి ఆమె తిట్లు సగం లోపలే ఉండిపోయేవి. తడిబట్టలు ఆమె దండెం మీద ఆరేస్తే ఊరుకునేది కాదు, మా అమ్మకు జ్వరమొస్తే మాత్రం ఆమే వచ్చి ఆరేసేది. అద్దె పెంచాలనుకున్నప్పుడు నేరుగా చెప్పేది కాదు. సాయంత్రం మా గడప దగ్గర కూర్చొని "చింతపండు ఏం ధర పోతావుందో చూస్తివా అమ్మీ" అని మా అమ్మతో మొదలుపెట్టేది. చింతపండు మాట వచ్చిందంటే మా నాయన లోపల తల పట్టుకునేవాడు. ఆమె ఉన్నన్నాళ్ళలో చింతపండు మాట వచ్చింది నాలుగైదు సార్లే. ఇంట్లో ఎంతమంది ఉన్నారని ఒక్కసారీ అడిగింది లేదు. మా నాయన తమ్ముడు పెండ్లాం పిల్లలతో వచ్చి ఆరునెలలు ఉన్నాడు, అప్పుడూ అడగలేదు. అద్దె ఇంటికి, తలలకు కాదు.

బడి నాకు ఐదో క్లాసుతో అయిపోయింది, అదీ అరవబడి. తెలుగు నేను నేర్చుకున్నది ఒక కేలండరు మీద. ఏదో లేహ్యం కంపెనీవాళ్ళు వేసిన కేలండరు, వారాల పేర్లు నాలుగు భాషల్లో ఉండేవి. అరవంలో ఇది సోమవారం, కాబట్టి పక్కనుండే ఈ గుండ్రాలు కూడా సోమవారమే అయ్యుండాలని, ఒక్కొక్క అక్షరం బొగ్గుతో నేలమీద దించుకున్నాను. ఏడు వారాలతో ఎన్ని అక్షరాలు వస్తాయి? మిగతావాటికి చిత్తుకాగితాల అంగట్లో చిరిగిపోయిన మొదటి వాచకం ఒకటి దొరికింది. సంవత్సరం పట్టింది. ఆ తర్వాత మా సందులో నా బతుకే మారిపోయింది. సందులో తెలుగు మాట్లాడే ఇండ్లు పదకొండు, తెలుగు చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణి. చిత్తూరు పక్కనుంచో నెల్లూరు పక్కనుంచో చుట్టాల జాబు వచ్చిందంటే ఆడవాళ్ళు చెయ్యి కొంగుకు తుడుచుకుంటా వచ్చి "దామూ, చదివిపెట్టు నాయనా" అనేవాళ్ళు. కామాక్షమ్మ పుట్టింటి జాబులూ నేనే చదివినాను. అన్న ఆస్తి పంచనన్న జాబు, వదిన సచ్చిపోయిన జాబు. చావు జాబు చదివినప్పుడు ఆమె ఏడవలేదు, "ఇంకోసారి చదువు, మెల్లిగా" అనింది. ఎవరింట్లో ఏముందో అన్నీ నాకు తెలుసు, ఒక్కటీ బయటికి చెప్పింది లేదు. చదువుకున్నవాడు అనే పేరు అట్ల వచ్చింది నాకు. తర్వాత మిల్లులో టైము రాసే పని దొరికిందంటే ఆ పేరుతోనే.

నాకు పన్నెండో పదమూడో ఏడు నడుస్తుండగా మిల్లు మూసినారు. తెల్లారి సంగు కూయలేదు. మొదటి రోజు అందరూ అలవాటుగా లేచి కూర్చున్నారు, ఎవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. మూడు నెలలు గడిచినాయి. మా అమ్మ రాగిసంకటికి తోడు ఉప్పుచేప ముక్క అందరికీ చూపించి తను తినకుండా ఉట్టిమీద పెట్టేది. అద్దె కట్టలేదు. కామాక్షమ్మ మొగుడు రెడ్డియారు, గొడుగు లేకుండా బయటికి రాని మనిషి, ఒక పొద్దున బావి దాటి మా గడపకు వచ్చినాడు. ఎవరో ఆఫీసు గుమాస్తా ఆ గదులు అడుగుతున్నాడంట, ఎక్కువిస్తాడంట. "రేపటికి తీసేయండి" అన్నాడు. మా నాయన గోడకు ఆనుకొని నిలబడినాడు. వెనకనుంచి కామాక్షమ్మ వచ్చింది, చేతిలో పొగాకు.

"ఏంది, యాడికి పొమ్మంటాండావు వాళ్ళను?"

"ఇల్లు నాది. అడిగేదానికి నువ్వెవరు?"

"ఇల్లు నీది, ఆడి నీది కాదు. ఆడిలో పిల్లి కూడా పిల్లలను ఇంకో ఇంటికి మార్చదు."

"సరే, ఆవణిలో అయితే పోతారా?"

"ఆవణి మాట ఆవణిలో. ఇప్పుడు పొయ్యి అన్నం తిను, చల్లారిపోతావుంది."

ఆయన గొడుగు మూసుకొని లోపలికి పోయినాడు. ఆడి ఇంకా ఇరవై రోజులు ఉండింది. ఆ నెలాఖరు వారంలో ఒక తెల్లారి సంగు కూసింది. మా నాయన లుంగీ కూడా సరిగ్గా కట్టుకోకుండా పరుగెత్తినాడు. ఆవణి మాట ఆవణిలో ఎవరూ ఎత్తలేదు. పేదవాడికి ఒక్కోసారి కావాల్సింది రోజులే, డబ్బు కాదు. ఆ రోజులిచ్చేది అప్పట్లో చట్టం కాదు, నెల. మీసం మెలేసిన ఇంటి ఓనరు కూడా ఆ నెలకు తల వంచేవాడు. అందుకే నమ్మినాను.

అమ్మ నాయన ఆ గదుల్లోనే పోయినారు. సరోజ ఆ గదుల్లోకే కాపురానికి వచ్చింది. ఆమెది మా ఊరి వెలుపలి మేట్టుపాళయం పక్క. అప్పుడక్కడ ఫ్యాక్టరీలు యాడివి, అన్నీ వేరుశనగ చేలు. పెండ్లయిన మొదటి ఆడికి పుట్టింటికి పోయి ఆవణి ఒకటో నాడు తిరిగొచ్చింది, ఒడినిండా పచ్చి వేరుశనక్కాయలతో. కామాక్షమ్మ ఆమెను గడపలో నిలబెట్టి, "ముందు పొయ్యి అంటించు, తర్వాత మొగుడి మొగం చూడు" అనింది. మాకు పిల్లలు లేరు. కామాక్షమ్మ మనవడు రంగనాథన్ మా గదుల్లోనే సగం పెరిగినాడు. వాడికి సరోజ చేసే శనక్కాయ ఉండలంటే ప్రాణం. కామాక్షమ్మ పోయినాక, వాడి నాయన పోయినాక, ఇల్లు వాడిదయింది. మేట్టుపాళయంలో అట్టడబ్బాలు చేసే షెడ్డు ఒకటి పెట్టుకొని, దాని దగ్గరే ఇల్లు కట్టుకొని పోయినాడు. ముందర భాగం గవర్నమెంటు ఉద్యోగికి ఇచ్చినాడు. మా జోలికి రాలేదు.

అంతా మారింది ఒక బస్సుతో. ఊరి చుట్టూ కాలేజీలు లేచినాయి, ఒకటి తర్వాత ఒకటి. వాటిలో ఒక కాలేజీ బస్సు మా సందు మొగదల ఆగడం మొదలయింది. పసుపు బస్సు. మొదటి ఏడు నలుగురైదుగురు పిల్లలు ఎక్కేవాళ్ళు, మూడో ఏటికి వరస సందు లోపలిదాకా వచ్చింది. టీ అంగడి జెరాక్సు అంగడయింది. ఇస్త్రీ బండి ఉన్న చోట మెస్సు వచ్చింది. మాతో పాటు పెరిగిన ఇండ్లు ఒక్కొక్కటి లోపల ప్లైవుడ్డు వేసుకొని గదులైనాయి. అంతకుముందు మా సందులో పెండ్లికాని మొగపిల్లలకు ఇల్లే ఇచ్చేవాళ్ళు కాదు. ఇప్పుడు బ్రోకరు "ఫ్యామిలీనా? ఫ్యామిలీకి లేదు సార్" అనేవాడు. ఇంటికి అద్దె పోయి మంచానికి అద్దె వచ్చింది. ఒక సంసారం ఇచ్చేదానికి నాలుగు రెట్లు నాలుగు మంచాలు ఇస్తాయి. మరి సంసారాలు ఏం కావాలి? పదకొండు తెలుగు ఇండ్లలో ఇప్పుడు మూడు మిగిలినాయి, ఆ మూడూ సొంత ఇండ్లు కాబట్టి. నేను ఆ పిల్లలను అనను. వాళ్ళూ యాడాడినుంచో అమ్మానాయనలను వదిలిపెట్టి వచ్చినవాళ్ళే. పొద్దున బస్సు కోసం నిలబడి నిద్రమొగాలతో బిస్కెట్లు తినేవాళ్ళు.

వైయాసి నెలలో, అంటే ఎండలు ముదిరినప్పుడు, రంగనాథన్ స్కూటరు మీద వచ్చినాడు. సరోజ మజ్జిగ ఇచ్చింది. గ్లాసు రెండు చేతుల్తో పట్టుకొని చాలాసేపు తాగినాడు.

"మామా, ఒక మాట. ఇల్లు పిల్లలకు ఇచ్చేద్దామనుకుంటాండాను. ముందర భాగం వాళ్ళు పోతాండారు. మొత్తం రిపేరు చేసి ఆడపిల్లలకు ఇస్తాను, గొడవుండదు."

"మేమేం గొడవ చేసినాము?"

"అయ్యో మామా, అట్ల కాదు. షెడ్డు మీద లోను ఉంది. ఆని నెలాఖరుకు మీరు ఎట్లయినా సర్దుకోవాల."

సరోజ అడిగింది, "ఎంతమంది పిల్లలురా?"

"ఎనిమిదిమంది అత్తా."

"ఒక్క బావికి ఎనిమిదిమందా?"

"బావి మూసేస్తానత్తా. మోటారు వేస్తాను."

అంతే జరిగింది మాట. నేను సరే అన్నాను. వాడి ఇల్లు, వాడి లోను. ఆ రెండు నెలలు నేను సైకిలు మీద తిరగని వీధి లేదు. ఉప్పళంలో ఏ గుమ్మం తట్టినా "ఎంతమంది మంచాలు?" అని అడిగేవాళ్ళు, ఇద్దరం ముసలోళ్ళమంటే తలుపు సగం మూసి మాట్లాడేవాళ్ళు. చివరికి మూలకుళంలో, ఊరి పడమటి కొసన, కొత్తగా కడుతున్న ఇంట్లో చిన్న పోర్షను దొరికింది. ఆనిలోనే పాలు పొంగిద్దామని సరోజ పట్టుబట్టింది. ఆడి రాకముందే పొయ్యి ఒక్కసారి వెలిగించి వచ్చేస్తే చాలు, సామాను తర్వాత ఎప్పుడు పోయినా తప్పులేదు, అది మాలో ఉండే దారే. పోతే అక్కడ ఇంకా నేల వేయలేదు, ఇసుక కుప్ప మీద కుక్క పడుకోనుంది. మేస్త్రీ రేపు మాపు అంటా ఆని దాటించేసినాడు. ఇంకేముంది, ఆవణి దాకా ఆగాల.

నేను రంగనాథన్‌కు జాబు రాసినాను. నోటి మాట గాలికి పోతుంది, రాత నిలబడుతుంది, నేను నేర్చుకున్నది అదే. అరవంలో రాయొచ్చు. టైము రాసే పనిలో ముప్పై ఏండ్లు అరవమే రాసినాను. అరవంలో రాస్తే అది అర్జీ మాదిరి ఉంటుంది, కోర్టు వాసన వస్తుంది. ఇంటి మనిషికి ఇంటి మాటలోనే రాయాలని తెలుగులో రాసినాను. రెండు పుటలు. వాళ్ళవ్వ ఆ పొద్దు గడపలో నిలబడి చెప్పిన మాట కూడా రాసినాను. ఆవణి ఒకటో తేదీ తెల్లారి తాళాలు నీ చేతికిస్తాను, అంతవరకు ఆగమని రాసినాను. మూడుసార్లు దిద్ది, మంచి కాగితం మీద ఎత్తిరాసి, మేట్టుపాళయం దాకా పోయి షెడ్డులో చేతికిచ్చినాను. మిషను శబ్దం. వాడు కాగితం విప్పి చూసినాడు, కింద దాకా చూసినాడు, మళ్ళీ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "సరే మామా" అన్నాడు. నాకు టీ తెప్పించినాడు. ఇంటికొచ్చి సరోజకు చెప్పినాను, సరే అన్నాడని. ఆమె ఆ రోజు ఆడిలో అమ్మవారికి పోసే రాగి అంబలికి పిండి నానబెట్టింది.

ఆడి తొమ్మిదో నాడు పొద్దున్నే వ్యాను వచ్చింది. వెనకాలే స్కూటరు మీద రంగనాథన్. సాయంత్రానికి పిల్లలు దిగుతున్నారంట, లోపల సున్నం కొట్టాలంట. "వ్యాను బాడుగ నేనిచ్చేసినాను మామా, మీరు దాని గురించి చూడొద్దు" అన్నాడు. జాబు చదివి కూడా వచ్చినాడు. సరే అని కూడా వచ్చినాడు. ఇక వాడితో మాట్లాడేదేముంది? లోపలికి పోయి సరోజకు చెప్పినాను, "వాడితో ఒక్క మాట మాట్లాడొద్దు, ఏమీ అడగొద్దు" అని. గంటన్నరలో యాభై ఏండ్లు వ్యానెక్కినాయి. మా అమ్మ రుబ్బురోలు ఎత్తలేక అక్కడే వదిలేసినాము. సరోజ సామానుతో వెనక కూర్చుంది, నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను. ఇందిరాగాంధీ బొమ్మ దగ్గర ట్రాఫిక్కులో ఎర్రటోపీ పోలీసు మా వ్యానును ఆపి అటూ ఇటూ చూసి పంపించినాడు. నాకు కోపం కూడా రాలేదు. పంటి డాక్టరు సూదేసినాక దవడ ఉంటుందే, అట్ల ఉండింది ఒళ్ళంతా. అది ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

మూలకుళం ఇంట్లో నేల ఆ వారమే వేసినారు, అయినా సరోజ పొయ్యి వెలిగించలేదు. గ్యాసు సిలిండరు గోడ పక్కన పెట్టి దాని మీద గుడ్డ కప్పింది. పక్కన ఖాళీ ప్లాటు ఉండేది. అందులో మూడు ఇటుకలు పెట్టి, గాలికి అడ్డంగా రేకు ముక్క నిలబెట్టి, కట్టెలతో అక్కడ వండింది. ఆడి గాలికి అమ్మి కూడా ఎగురుతుందని మా పక్క సామెత, అమ్మి అంటే నూరుడు రాయి. రేకు రోజుకు పదిసార్లు పడిపోయేది. అరవై దాటిన మనిషి, ఒక చేత్తో రేకు పట్టుకొని ఇంకో చేత్తో గంటె తిప్పేది. పక్కింటి కోడలు గోడ మీదినుంచి అడిగింది, "ఏంది అత్తా, గ్యాసు రాలేదా?"

"గ్యాసు వచ్చింది తల్లీ. నెల రాలేదు."

ఆ కోడలు నవ్వింది. రెండో వారం వాన పడినప్పుడు ఆమే గొడుగు తెచ్చి పట్టుకుంది. నేను హోటల్లో తెస్తానంటే సరోజ వినలేదు. ఇరవై మూడు రోజులు అన్నంలో పొగ వాసన. ఆవణి ఒకటో నాడు గ్యాసు అంటించి పాలు పొంగించింది. పొంగినాయి. రెండు గ్లాసుల్లో పోసింది, తాగినాము. ఆ ఇంట్లో నాలుగేండ్లు బతికింది. ఆ నాలుగేండ్లలో 'మన ఇల్లు' అంటే ఉప్పళం, ఇది 'ఈ ఇల్లు'. కూరగాయల బండివాడికి గుర్తు చెప్పేటప్పుడు కూడా "ఈ ఇంటికి రా" అనేది గానీ మా ఇంటికి అనలేదు. పోయినేడు మాసి నెలలో, ఎండలు మొదలయ్యేటప్పుడు, పోయింది. గుండె. మధ్యాహ్నం పప్పు పెట్టి పడుకుంది, లేవలేదు. కుక్కరు నేనే దించినాను.

కర్మలు అయినాక ఒకసారి ఉప్పళం పోయినాను, ఎందుకు పోయినానో తెలియదు. బావి మీద సిమెంటు పలక, దాని మీద నాలుగు స్కూటీలు. మేడ మీద తీగెకు రంగురంగుల బట్టలు. వడ్ల వాసన ఉండే చోట నూడుల్సు మసాలా వాసన. గేటుకు బోర్డు, స్టూడెంట్స్ ఓన్లీ అని. ఒక పిల్ల గేటు దగ్గర నిలబడి ఫోన్లో వాళ్ళమ్మతో తెలుగులో పోట్లాడుతోంది, తింటన్నానమ్మా తింటన్నాను అని. నేను తల తిప్పుకొని వచ్చేసినాను.

పోయిన ఆదివారం ఆ పిల్లే మా గుమ్మంలో నిలబడింది. ఆ పొద్దు నన్ను చూడలేదు కాబట్టి ఆమెకు నేనెవరో తెలియదు.

"దామోదరం గారంటే మీరేనాండీ? నా పేరు ప్రసన్నండి. మాది యానాం. నర్సింగు మూడో ఏడండి. ఉప్పళంలో రంగనాథన్ గారింట్లో ఉంటామండి."

కూర్చోమన్నాను. ఇల్లు ఎట్లుందమ్మా అని అడిగినాను, ఏదో ఒకటి అడగాలి గదా.

"ఏం ఇల్లండీ, గదికి ముగ్గురం. మా అమ్మ వచ్చి రెండ్రోజులుంటే వార్డెనాంటీ దానికీ డబ్బులు రాసిందండి. మొన్న అగ్రిమెంటు మార్చడానికి సార్ షెడ్డుకెళ్ళానండి. నా బుక్కు మీద తెలుగులో పేరు రాసుంటే చూసి, నీకు తెలుగు చదవడం వచ్చా అనడిగారు. మా ఊళ్ళో అందరికీ వచ్చండి అన్నాను. ఫైల్లోంచి ఈ ఉత్తరం తీశారండి."

నా జాబు. మడతల దగ్గర పసుపెక్కి ఉంది. అక్షరం చెదరలేదు.

"చదివానండి. ఆయన కుర్చీలో కూర్చున్నారు. మళ్ళీ చదవమన్నారు. రెండోసారి చదువుతుంటే మిషను ఆపించేశారండి."

"ఇన్నేండ్లు చదివించుకోలేదా?" అని అడిగినాను.

ఆ పిల్ల కవరు చేతికిచ్చింది. "ఆయన చెబుతుంటే నేను రాశానండి. చెప్పింది చెప్పినట్టే రాశాను, భాష ఏం మార్చలేదండి. చేతిరాత బాలేదు, ఏమనుకోకండి." గోడ మీద సరోజ పటం చూసింది. మంచినీళ్ళు తాగి, బస్సు ఉందని వెళ్ళిపోయింది. ఆ సందులో అందరి జాబులూ చదివిపెట్టినవాణ్ణి, నాకొచ్చిన జాబు చదివేదానికి కండ్లద్దాలు వెతుక్కోవాల్సి వచ్చింది. అందులో ఉన్నది ఇది:

"మామకు రంగనాథన్ నమస్కారం. మీ జాబు ఈ పాప చదివితే విన్నాను. నాకు తెలుగు చదవను రాదని మీకు తెలుసుననుకున్నాను. ఉప్పళంలో తెలుగు చదివేది మీరొక్కరే గదా మామా. మీరు రాసిన జాబును మీ దగ్గరికే తెచ్చి చదివిపెట్టమని అడిగేదానికి సిగ్గయింది. పోతా పోతా ఏదో మంచిమాట రాసిచ్చినారనుకొని ఫైల్లో పెట్టుకున్నాను. మీరు ఆవణి దాకా గడువు అడిగినారని నాకు ఇప్పటిదాకా తెలియదు. తెలిసుంటే ఇచ్చుందువా అంటే, అబద్ధం చెప్పను, మీకు ఇచ్చుండను. పిల్లలు అప్పటికే రైలెక్కేసినారు. అయితే ఒకటుంది. ఆ పొద్దు వ్యాను కదిలేటప్పుడు అత్త నా చెయ్యి పట్టుకొని రంగా అనింది. మీరు ముందరనుంచి దిగొచ్చి ఆమెను చూసినారు. అత్త చెయ్యి తీసేసింది. ఏందత్తా అని నేను అడిగుండాల. అడగలేదు. ఆమె అడిగుంటే మాత్రం నేను కాదనుండలేను, ఆ పిల్లలను తెచ్చి మా ఇంట్లో పడుకోబెట్టుందును. అత్త ఏమడగబోయింది మామా? మీకు తెలిస్తే చెప్పండి. జాబు రాయొద్దు. వచ్చి నోటితో చెప్పండి."